తిన్నంక వేసుకునే మాత్ర

ఇప్పలవాగులో జోజి ఇల్లెక్కడని అడిగితే పిల్లలు మొహాలు చూసుకుంటారు. ఉపదేశి తాత ఇల్లు అంటే మాత్రం చెయ్యి పట్టుకుని మరీ తీసుకుపోతారు. టేకులపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. చర్చికి ఫాదర్ నెలకొకసారి వచ్చి పూజ చేసి పోతాడు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన నడపాలన్నా, పిల్లలకు జపాలు నేర్పాలన్నా, ఎవరైనా పోతే సమాధి దగ్గర నిలబడి నాలుగు మంచి మాటలు చెప్పాలన్నా ఉపదేశే. ముప్పై ఏళ్లు దాటింది, ఆ పని జోజి చేతిలోనే ఉంది.

చదివింది ఊరిబడిలో ఐదో తరగతి. అయితేనేం, ఆయన చేసిన పనులు చెప్పుకోవడానికి ఒక పూట చాలదు. రేకుల పాకలో ఉన్న చర్చికి గోడలు లేపించింది జోజి. ఊరికి కరెంటు రావాలని మండలాఫీసు మెట్లు అరిగేలా తిరిగింది జోజి. పురిటి నొప్పులు పడుతున్న పుల్లమ్మను మంచం మీద మోసుకుని వాగు దాటించినవాళ్లలో ముందు కోడు పట్టింది జోజి. ఆ రోజు పుట్టిన పిల్లే ఇప్పుడు అశ్వారావుపేటలో టీచరు. ఊరి వెనక గుట్ట మీదికి పోయే దారి వెంట పద్నాలుగు కర్ర సిలువలు పాతింది కూడా ఆయనే. ఫారెస్టు వాళ్లు మొదట ఒప్పుకోలేదు. చెట్టు కొట్టనని, గాలికి పడిన మద్ది దుంగలే వాడతానని మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడి, ఎండాకాలమంతా తానే చెక్కి పాతాడు.

గుడ్ ఫ్రైడే నాడు చుట్టుపక్కల ఊళ్ల క్రైస్తవులంతా ఆ గుట్ట ఎక్కుతారు. దాన్ని సిలువ మార్గం అంటారు. ఒక్కొక్క సిలువ దగ్గర ఆగాలి, మోకాళ్ల మీద కూర్చోవాలి, చదివేది చదివి మళ్లీ లేచి పాడుకుంటూ పైకి పోవాలి. ముందు నడిచి చదివేది ఉపదేశి. సిలువలు పాతిన ఏడాది నుంచి నిరుడు దాకా ఒక్కసారి కూడా జోజి ఆ చోటు ఇంకొకరికి ఇవ్వలేదు. ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టడు. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలం మొత్తం ఒంటిపూట భోజనమే. పొద్దుగూకాక ఇంత అన్నం, ఇంత చారు. నీచు ఉండదు కాబట్టి పక్కన మామిడికాయ తొక్కు, అప్పడం. పాతికేళ్ల కుర్రాళ్లు మూడో రోజుకే ఎగ్గొట్టే ఉపవాసాన్ని డెబ్బైకి దగ్గరపడిన మనిషి నిలబెట్టుకొస్తున్నాడని ఊళ్లో అనుకుంటారు. అనుకుంటారని ఆయనకూ తెలుసు.

కానీ మనిషి అలసిపోయాడు. ఆ సంగతి బయటికి చెప్పడు. పొద్దున లేస్తే మెడ వెనక ఎవరో బరువు పెట్టినట్టుంటుంది. చర్చి తాళం తీసి, ఊడ్చి, గంట కొట్టేసరికి ఇంకో పని చేసే ఓపిక ఉండదు. నిరుడు ఈస్టరు వెళ్లాక సిస్టరమ్మ దుర్గ చేతికి పట్టీ చుట్టి బీపీ ఉందని చెప్పింది. దుర్గ ఊరూరా తిరిగి సూదులూ మాత్రలూ ఇచ్చే నర్సు.

"ఉపదేశి తాతా, పొద్దున తిన్నంక ఒకటి, రాత్రి తిన్నంక ఒకటి. మర్వకు. ఉప్పు తగ్గించు. తొక్కు ముట్టకు."

"ఎన్నాళ్లు బిడ్డా?"

"మానెయ్యమని డాక్టరమ్మ చెప్పేదాంక."

"చెప్తదా?"

దుర్గ నవ్వి సంచి సర్దుకుంది.

జోజికి ఆ మాత్రలంటే విసుగు. జ్వరానికి మందు వేసుకుంటే జ్వరం పోతుంది. ఇదేమో వేసుకున్నా ఏమీ తెలియదు, వేసుకోకున్నా ఏమీ తెలియదు. అయినా వేసుకునేవాడు, తమ్ముడు ప్రభు కళ్లముందే ఉన్నాడు కాబట్టి. ప్రభు మంచిగున్నానని మాత్రలు మానేశాడు. ఒక పొద్దున పత్తి చేనులో కూలబడ్డాడు. కుడి కాలు, కుడి చెయ్యి పడిపోయాయి. ఇప్పుడు వాకిట్లో మంచం మీద కూర్చుని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ చూస్తుంటాడు. రోజూ చర్చికి పోతూ తమ్ముడి ముందు నుంచి పోవాలి. ఆ నాలుగడుగులే జోజికి గుట్టకంటే ఎత్తుగా అనిపిస్తాయి.

ఈ ఏడు విభూతి బుధవారం వచ్చింది. నుదుటి మీద బూడిద పెట్టించుకుని జోజి ఉపవాసం మొదలుపెట్టాడు. మరునాడు పొద్దున భార్య సంపూర్ణ మాత్రల డబ్బా తెచ్చి ముందు పెట్టి చేనుకు పోయింది. జోజి డబ్బా చూశాడు. తిన్నంక వేసుకోమంది దుర్గ. తను తినడం లేదు. తిననప్పుడు తిన్నంక వేసుకునే మాత్ర ఎక్కడిది? డబ్బా మూత పెట్టేశాడు. సాయంత్రం అన్నం తిన్నాక సాయంత్రపు మాత్ర వేసుకున్నాడు. చెప్పిన మాటను అక్షరం తప్పకుండా నిలబెట్టానన్న తృప్తి కూడా కలిగింది. జీవితమంతా నియమాలు నేర్పిన మనిషి, చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలిసిన మనిషి. ఇందులో తప్పుందని ఆయనకు తట్టలేదు.

తపస్సు కాలం సగానికి వచ్చేసరికి ఎండలు ముదిరాయి. ఇప్పపువ్వు రాలడం మొదలైంది. తెల్లారకముందే ఆడవాళ్లు గంపలతో అడవిలోకి పోతున్నారు. జోజి మెడ బరువు తలలోకి ఎక్కింది. దుర్గ వచ్చి పట్టీ చుట్టి, గాలి కొట్టి, ముల్లు చూసి మళ్లీ కొట్టింది.

"నూటా ఎనభై దాటింది తాతా! మాత్రలు వేసుకుంటున్నవా లేదా?"

"నువ్వు చెప్పినట్టే వేసుకుంటున్న. అడుగు మీ అమ్మమ్మను."

సంపూర్ణ వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోస్తూ తలెత్తింది. "రోజూ నేనే డబ్బా తెచ్చి ముందల పెడుతున్న సిస్టరమ్మా. తొక్కు మాత్రం మానుతలేడు. నేను చెప్తే దేవుని మాట అనుకుంటడా?"

ఇద్దరూ నిజమే చెప్పారు. దుర్గ ఆయన్ను మండలం దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరు నిర్మలాదేవి కూడా అదే అడిగింది, జోజి అదే చెప్పాడు. ఉపవాసం ఉన్నారా అని ఆమె అడగలేదు. అడగని సంగతి చెప్పుకోవడం ఆయనకు గొప్పలు చెప్పుకున్నట్టనిపించింది. తన ఉపవాసం తనకూ దేవుడికీ మధ్య విషయం. రెండు మాత్రలు వేసుకుంటున్నా దిగలేదంటే మందు చాలడం లేదని డాక్టరు అనుకుంది. రాత్రి మాత్ర బలం పెంచింది. పొద్దున లేవగానే వేసుకునేందుకు ఇంకోటి కలిపింది, ఒంట్లో నీరు తీసే మాత్ర. ఇది వేసుకుంటే ఒంటేలుకు ఎక్కువసార్లు పోవాల్సి వస్తుందని, భయపడొద్దని చెప్పింది.

ఆ కబురు ఫాదర్ జస్టిన్ దాకా పోయింది. ఫాదర్ చిన్నవాడు, మధిర వైపు మనిషి. ఆదివారం పూజ అయ్యాక జోజిని పక్కకు పిలిచాడు.

"ఉపదేశి గారూ, ఈసారి సిలువ మార్గం కోటేష్ చదువుతాడండీ. మీరు కింద కూర్చుని ప్రార్థన చేసుకోండి."

"కోటేష్‌గాడా? ఫాదర్ గారూ, వానికి సరిగ్గ చదవొస్తదా? పెండ్లిళ్లకు మైకు పెట్టెటోడు."

"నేర్చుకుంటాడు. మీకేమైనా అయితే నేను మీ అమ్మాయి మహిమకు ఏం చెప్పను? బీపీ దిగిందని సిస్టరమ్మ చెబితే అప్పుడు చూద్దాం."

జోజి తలూపి బయటికి వచ్చాడు. ప్రభు మంచం ముందు నుంచి పోతుంటే తమ్ముడు సగం నోటితో ఏదో అడిగాడు. ఏం లేదురా అన్నాడు జోజి. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విడవకుండా అరుగు మీద కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు చేసినదంతా ఒక ముల్లు పైకెక్కడం మీదా కిందికి దిగడం మీదా ఆగిపోయిందా అనిపించింది. ఏడుపు రాలేదు. ఏడ్చే ఓపిక కూడా లేదు.

ఆ శనివారం సంపూర్ణ మాత్రల డబ్బా తుడుస్తూ అందులోని అట్టలు బయటికి తీసింది. సాయంత్రపు అట్టలు ఖాళీ. పొద్దటి అట్టలు మాత్రం గింజ రాలని కంకుల్లా నిండుగా ఉన్నాయి.

"మహిమ నాయినా! ఇయ్యేంది?"

"పొద్దటియి."

"అవ్, పొద్దటియే. ఎందుకున్నయి?"

"తిన్నంక వేసుకోవాలె గదా. నేను తింటలేను గదా."

సంపూర్ణ డబ్బా పక్కన పెట్టింది. కొంగు నడుముకు చెక్కి అరుగు మీద కూలబడింది. "ఊళ్లో అందరికి బుద్ధి చెప్తవు. నీకు చెప్పేటోడు లేకపాయె. మీ తమ్మున్ని చూడు. రేపు నిన్ను కూడ గట్లనే ఎత్తి కూసోబెట్టాలె నేను. నా నడుము చూసినవా, అదేమన్న ఇనుపదా?"

"సిస్టరమ్మకు చెప్పకు."

"ఎందుకు?"

"చెప్తే ఫాదర్‌కు తెలుస్తది. ఉపదేశికి మాత్ర వేసుకునుడు కూడ రాదంటరు."

ఆమె చెప్పలేదు. రేపటి నుంచి సరిగ్గా వేసుకోవాలని ఒట్టు పెట్టించుకుని ఊరుకుంది. నలభై ఏళ్ల కాపురంలో అలసిపోయిన మనిషి ఆమె కూడా. గెలిచేదాకా పోట్లాడే వయసు కాదు.

మరునాటి నుంచి, అంటే గుడ్ ఫ్రైడేకు ముందటి మట్టల ఆదివారం నుంచి, జోజి పొద్దటి మాత్ర వేసుకోవడం మొదలుపెట్టాడు, ఖాళీ కడుపుతో. మంచిదే. కానీ అంతటితో ఆగలేదు. ఇన్ని రోజులు పడని మందు ఒంటికి బాకీ ఉందని లెక్క వేశాడు. చేనుకు రెండు తడులు తప్పితే మూడో తడి నిండుగా పెట్టినట్టు, పొద్దున రెండు, సాయంత్రం రెండు వేసుకున్నాడు. డాక్టరు బలం పెంచిన మాత్ర కూడా రెండే. నీరు తీసే మాత్ర ఎలాగూ ఉంది. సంపూర్ణ అట్టలు ఖాళీ అవుతున్నాయని చూసి నెమ్మదించింది. ఎంత వేగంగా ఖాళీ అవుతున్నాయో చూడలేదు.

బుధవారం దుర్గ వచ్చి పట్టీ చుట్టింది. ముల్లు చూసి మొహం వెలిగిపోయింది.

"నూటా ముప్పై! తాతా, మందు పట్టింది. డాక్టరమ్మకు దండం పెట్టుకో."

"ఫాదర్‌కు చెప్తవా బిడ్డా?"

"ఇప్పుడే ఫోన్ చేస్త. కానీ గుట్ట ఎక్కేటప్పుడు నేను కూడ మీ ఎనకాలనే వస్త. నాకైతే ఆ సిలువల ముచ్చట తెల్వదు గాని, నిన్ను చూసుడు నా డ్యూటీ."

ఆ సాయంత్రం జోజి మడత పెట్టిన తెల్ల ధోవతి తీయించాడు. కోటేష్ వచ్చి, పుస్తకం చేతిలో పెట్టి, "మామా, బతికిపోయిన. నాకు రాత్రి నిద్ర కూడ పడ్తలే" అన్నాడు. జోజి నవ్వాడు. లేచి లోపలికి పోబోతుంటే కళ్లముందు నల్లటి తెర దిగింది. గుంజ పట్టుకుని నిలబడ్డాడు. తెర పోయింది. ఉపవాసం కదా అనుకున్నాడు. గురువారం కూడా రెండుసార్లు అలాగే అయింది. ఎవరికీ చెప్పలేదు. గెలిచినవాడు మధ్యలో ఆగి కాలు నొప్పి పెడుతోందని చెప్పుకుంటాడా?

శుక్రవారం మధ్యాహ్నం గుట్ట కింద జనం చేరారు. ఎండకు రాళ్లు కాలుతున్నాయి. పొద్దున జోజి రెండు మాత్రలు, నీరు తీసే మాత్ర మింగాడు, ఒక్క గుక్క నీళ్లతో. ఆ గుక్క కూడా తప్పదు కాబట్టి. ఆ తరువాత ఏమీ లేదు. ముందు పుస్తకం తెరవకుండానే చదువుతూ జోజి, పక్కన చిన్న మైకు మోస్తూ కోటేష్, వెనక ఫాదర్. అంతా ఆయనకు నోటికి వచ్చు. మొదటి సిలువ దగ్గర మోకాళ్లూని లేచినప్పుడు చెవుల్లో హోరు పుట్టింది. రెండో దాని దగ్గర లేవడానికి కోటేష్ భుజం పట్టుకున్నాడు.

"మామా, మంచిగున్నవా?"

"నడువురా."

మూడో దాని దగ్గర గొంతు సన్నబడింది. వెనకున్నవాళ్లు అది భక్తి అనుకున్నారు. నాలుగో సిలువ దగ్గర చదవడం పూర్తయింది, అందరూ లేచారు. జోజి కూడా లేచాడు. గుట్ట, మనుషులు, తాను చెక్కిన మద్ది కర్ర అన్నీ ఒక్కసారి దూరంగా పోయాయి. తరువాత ఆయనకు తెలిసింది వీపు కింద వేడి రాయి, మొహం మీద సంపూర్ణ కొంగు.

తల నేలకు తగలకుండా కోటేష్ పట్టుకున్నాడు. మైకు మాత్రం కింద పడి కీచుమని అరిచింది. దుర్గ జనాన్ని పక్కకు నెట్టి, కాళ్లు రాయి మీదికి ఎత్తించి, పట్టీ చుట్టింది.

"తొంభై కూడ లేదు! ఇదెట్ల? మొన్న మంచిగుంటివి గదా. తాతా, ఎన్ని మాత్రలేసుకున్నవు? నిజం చెప్పు."

జోజి సంపూర్ణ వైపు చూశాడు. ఆమె దుర్గ వైపు చూసింది. "ఇన్ని రోజులు పొద్దటియి వేసుకోలే సిస్టరమ్మా, ఉపాసమని. మొన్నటి సంది వేసుకుంటుండు."

"రెండేసి," అన్నాడు జోజి మెల్లగా. "తప్పినయి కూడ కలుపుకుని."

దుర్గ తల పట్టుకుంది. "నువ్వు వేసుకోకపోతే బీపీ పెరిగింది. వేసుకున్నా పెరిగిందనుకుని మేము మందు పెంచినం. పెంచినంక నువ్వు అన్నీ ఒక్కసారే, అవి కూడ రెండేసి... పైన ఎండ, కడుపుల సుక్క నీళ్లు లేవు. బతికినవు, దేవుడు చల్లగ చూసిండు." సంచిలోంచి ఓఆర్ఎస్ పొడి పొట్లం తీసి నీళ్ల సీసాలో కలిపింది. "తాగు."

"వద్దు."

"తాతా!"

"ఇయ్యాల నీళ్లు ముట్టను బిడ్డా. ఇన్నేండ్ల సంది ముట్టలే."

ఫాదర్ వంగి ఏదో చెప్పబోయాడు. సంపూర్ణ ఆయనకంటే ముందే అందుకుంది. గొంతు పెంచలేదు. అలసిన గొంతే.

"మహిమ నాయినా, ముసలోళ్లకు, రోగమున్నోళ్లకు ఉపాసం లేదని ఎవరు చెప్పిండ్రు? పుల్లమ్మకు షుగరుంటే, ఆమె ఇంటికి పోయి అన్నం తినిపిచ్చి వచ్చింది ఎవరు? మందు మింగితే ఉపాసం చెడదని ఏడాదికోసారి చర్చిల చెప్పేది ఎవరు?"

"అది ఊరోళ్లకు చెప్పేది."

"నువ్వు ఏ ఊరోనివి మరి?"

పక్కన ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. జోజి కళ్లు మూసుకున్నాడు. తమ్ముడి మంచం గుర్తొచ్చింది. ఆ మంచం పక్కన ఇంకో మంచం, దాన్ని ఎత్తడానికి వంగిన సంపూర్ణ నడుము. ఇన్నేళ్లుగా కాపాడుకొచ్చిన ఎండిన నోరు ఎవరికోసమో ఆ క్షణాన ఆయనకు సరిగ్గా గుర్తుకు రాలేదు. చెయ్యి చాచాడు. సంపూర్ణ సీసా నోటికి పెట్టింది.

రెండు గుక్కలు తాగి మొహం చిట్లించాడు. "ఉప్పగున్నది."

"అవ్, ఉప్పే," అంది దుర్గ. "నిరుటి సంది వద్దంటే తింటివి. ఇయ్యాల నేను తాగమంటున్న, తాగు."

జనం ముందుకు కదలలేదు. ఫాదర్ కోటేష్ వైపు చూశాడు, కోటేష్ జోజి వైపు చూశాడు. జోజి చొక్కా జేబులోంచి పుస్తకం తీసి ఇచ్చాడు. "ఐదోది. ఆత్రపడకు. కామా ఉన్నకాడ ఆగు."

అందరూ పైకి పోయారు. మద్ది కర్ర నీడలో ముగ్గురే మిగిలారు. కోటేష్ గొంతు మైకులో పైనుంచి తడబడుతూ వినిపించింది, పోను పోను నిలదొక్కుకుంది. పైనున్న సిలువలు ఒక్కొక్కటి ఎక్కడుందో జోజికి కళ్లు మూసుకున్నా తెలుసు. ఆఖరి పాట వినబడ్డాక సంపూర్ణ, "లేస్తవా?" అంది.

"మెల్లగ."

ముందు కూర్చున్నాడు. కాసేపు ఆగి మోకాళ్ల మీదికి వచ్చాడు. మళ్లీ ఆగి, ఆమె భుజం ఆసరాగా లేచాడు. ఇద్దరూ కిందికి దిగారు.

అదే సాయంత్రం దుర్గ ఆయన్ను దవాఖానాలో చేర్పించింది. నిర్మలాదేవి ఈసారి అన్నీ అడిగింది, జోజి అన్నీ చెప్పాడు. నీరు తీసే మాత్ర తీసేసింది, రాత్రిది పాత బలానికి తెచ్చింది. "తిన్నా, తినకపోయినా పొద్దున లేవగానే ఒకటి, రాత్రి ఒకటి. ఒకపూట మర్చిపోతే పోయింది, మరుసటి పూట రెండు కలపొద్దు. తగ్గించాలన్నా పెంచాలన్నా నా దగ్గరకు రావాలి. ఎన్నాళ్లని అడక్కండి."

"అడగను తల్లీ," అన్నాడు జోజి.

పండుగ వెళ్లిన శుక్రవారం పొద్దున్నే కోటేష్ వచ్చి అరుగు అంచున కూర్చున్నాడు. కాసేపు గోళ్లు గిల్లుకున్నాడు.

"మామా, ఎనిమిదో దాని కాడ నేనేమన్న తప్పు చదివిన్నా?"

"ఒక వాక్యం మింగేసినవు."

"ఎవ్వరికి తెల్వదనుకున్న."

"నాకు తెలిసింది."

కోటేష్ తల దించుకున్నాడు. "వచ్చే ఏడు నువ్వే చదువు మామా."

జోజి గుట్ట వైపు చూశాడు. అరుగు మీద నుంచి మొదటి సిలువ ఒక్కటే కనిపిస్తుంది. అక్కడిదాకా నడవగలడేమో. ఆ పైకి సంగతి చెప్పలేడు.

"పుస్తకం తెచ్చినవా?"

"తెచ్చిన."

"తీయి. మొదటి దాని కాడ్నుంచి చదువు."

కోటేష్ పుస్తకం విప్పేలోగా సంపూర్ణ ఒక చేత్తో మాత్ర, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని వచ్చింది. జోజి దాని వైపు చూసి, "ఇంకా తినలే..." అని మొదలుపెట్టాడు. ఆమె చెంబు ముందుకు చాచి అక్కడే నిలబడింది. ఆయన మాట సగంలో ఆపి, మాత్ర నాలుక మీద వేసుకుని నీళ్లు తాగి, చెంబు తిరిగి ఇచ్చాడు.

"చదువురా," అన్నాడు.